ఎక్స్‌వీ6 అసలు బోర్డు మీద ఆగిపోతుంటే: పేజీ టేబుల్‌ల రెండు బిట్లు

నల్లగొండ, పాలమూరు కాలేజీ పిల్లలు ఎక్స్‌వీ6 (చదువు కోసం రాసిన చిన్న ఆపరేటింగ్ సిస్టమ్) బోర్డు మీద ఎందుకు ఆగిపోతదని మళ్ల మళ్ల అడుగుతున్నరు, అందుకే రాస్తున్న. రిస్క్-వీ ఎక్స్‌వీ6 క్యూఈఎంయూల (అసలు బోర్డు లేకుండ కంప్యూటర్‌లనే నడిపించే ఎమ్యులేటర్) మంచిగ నడుస్తది. బోర్డు మీద ఎస్ఏటీపీ (పేజీ టేబుల్‌లను, అంటే చిరునామాలను మెమరీకి కలిపే పట్టికలను, ఆన్ చేసే రిజిస్టర్) రాయంగనే సప్పుడు ఉండదు.

యూఆర్ట్ (సీరియల్ పోర్ట్) చిరునామా, స్టాక్, లింకర్ స్క్రిప్ట్ మార్చినా లాభం లేదు.

జేట్యాగ్ అనే డీబగ్ సాధనం‌తో చూస్తే ఎస్‌కాజ్ (ఫాల్ట్ కారణం చెప్పే రిజిస్టర్) 12, అంటే ఇన్‌స్ట్రక్షన్ పేజీ ఫాల్ట్. పేజీ టేబుల్ ఎంట్రీల 6వ బిట్ 'యాక్సెస్డ్' (పేజీ వాడినమని గుర్తు), 7వది 'డర్టీ' (పేజీల రాసినమని గుర్తు). అవి సున్నా ఉంటే ప్రాసెసర్ తానే పెట్టుకోవచ్చు, ఫాల్ట్ అయినా ఇయ్యొచ్చు. రిస్క్-వీ స్పెక్ రెండూ ఒప్పుకుంటది. క్యూఈఎంయూ తానే పెడతది, ఈ బోర్డు ఫాల్ట్ ఇస్తది. అందుకే మనమే ముందుగ పెట్టాలె.

ముందు రెండు బిట్లకు మ్యాక్రోలు రాయాలె. తర్వాత మ్యాప్‌పేజెస్ ఫంక్షన్‌ల వ్యాలిడ్ బిట్ కలిపే లైన్‌లనే వీటినీ ఓఆర్ చెయ్యాలె. కెర్నల్ కోడ్ ఎంట్రీ కింది 8 బిట్ల విలువ 203, డేటాది 199 కావాలె. వాక్ ఫంక్షన్‌ల మధ్య స్థాయి ఎంట్రీలను (కింది టేబుల్‌ను చూపించేవి) ముట్టొద్దు, అక్కడ అవి సున్నానే ఉండాలె.

అన్ని బోర్డులకు ఇది సరిపోతదని చెప్పలేను. సీ906 అనే రిస్క్-వీ ప్రాసెసర్ కోర్‌ల పై బిట్లల్ల మెమరీ రకం కూడా పెట్టాల్సి రావచ్చు.