ప్రసిద్ధ నవలల మొదటి వాక్యం తెలుగులో చప్పబడిపోతోందా? సమస్య - పరిష్కారం

సమస్య: అర్థమంతా వచ్చింది, చమత్కారం మాత్రం పోయింది

కారణం చాలాసార్లు క్రియే. తెలుగులో అది వాక్యం చివరికి వెళ్ళి కూర్చుంటుంది. మూలంలో చివర పేలవలసిన మాట మధ్యలో ఇరుక్కుపోతుంది. జేన్ ఆస్టిన్ ‘ప్రైడ్ అండ్ ప్రెజుడిస్’ (1813) మొదటి వాక్యం లోకసత్యం చెబుతున్నంత గంభీరంగా ఎత్తుకుని, ‘భార్య’ అన్న మాట దగ్గర దిగుతుంది. హాస్యమంతా ఆ దిగడంలోనే ఉంది. ‘ఆస్తిపరుడైన బ్రహ్మచారికి భార్య కావాలన్నది లోకమంతా ఒప్పుకున్న సత్యం’ అంటే తలా తోకా తారుమారై ఉత్త సూక్తి మిగులుతుంది.

పరిష్కారం: ముందు మూలంలోని చివరి మాట కింద గీత గీయండి. తెలుగు కూడా ఆ మాటతోనే ముగిసేలా వాక్యాన్ని విరవండి. ‘కావాలి’ని ‘కావలసింది’ చేస్తే క్రియ చివరి చోటు ఖాళీ చేస్తుంది: ‘లోకమంతా ఒప్పుకున్న సత్యం ఒకటుంది. బాగా ఆస్తి ఉన్న బ్రహ్మచారికి ఇక కావలసింది భార్యే.’ పైకి చదవండి. గొంతు చివరి మాట మీద నిలవకపోతే ఇంకా కుదరలేదన్నమాట.

అన్నిటినీ ఇలా విరగ్గొట్టకూడదు. కాఫ్కా ‘మెటమార్ఫసిస్’ (1915) తొలి వాక్యం జర్మన్‌లో ‘మారిపోయి’ అనే అర్థమున్న మాటతోనే ముగుస్తుంది. తెలుగు నడకకు అది అచ్చంగా సరిపోతుంది.

సమస్య: ఒక్క మాట దగ్గర వాక్యం కృత్రిమంగా ఉంది

‘మెటమార్ఫసిస్’ తొలి వాక్యంలో నిద్ర లేచిన కథానాయకుడు ఒక వికృత జీవిగా మారిపోయి ఉంటాడు. ఆ జీవికి కాఫ్కా వాడిన మాట ఏ ఒక్క పురుగు పేరూ కాదు, అసహ్యం పుట్టించే జీవి అని మాత్రమే. ‘బొద్దింక’ అంటే బొమ్మ గీసి ఇచ్చినట్టే. అట్ట మీద ఆ పురుగును గీయొద్దని కాఫ్కా స్వయంగా ప్రచురణకర్తకు రాశాడు. ‘పెద్ద పురుగు’ చాలు.

కామూ ‘ది స్ట్రేంజర్’ (1942) ఫ్రెంచ్‌లో ‘ఇవాళ’తో మొదలై, వెంటనే తల్లిని ఇంట్లో పిలిచే మాటతో పిలుస్తుంది. 1946 నాటి ఇంగ్లిష్ అనువాదం ఆ చనువును పోగొట్టి, ‘ఇవాళ’ను చివరికి నెట్టింది. మనకా ఇబ్బందే లేదు: ‘ఇవాళ అమ్మ చనిపోయింది.’ ‘తల్లి’ వద్దు, ‘మా’ కూడా చేర్చొద్దు. రెండో వాక్యంలో కథకుడు అనుమానపడేది ఆ రోజు గురించే కాబట్టి ‘ఇవాళ’ కదలకూడదు.

సమస్య: మొదటి వాక్యంలోనే నువ్వా, మీరా?

‘మోబీ డిక్’ (1851) కథకుడు తనను ఇష్మాయేల్ అని పిలవమంటాడు, అదే తన పేరని చెప్పడు. ‘నా పేరు ఇష్మాయేల్’ అంటే తప్పు. ‘ఇష్మాయేల్ అనుకోండి నన్ను’ అంటే ఆ దాపరికం నిలుస్తుంది, ముక్కూమొహం తెలియని పాఠకుడికి ‘అండి’ సహజంగానూ ఉంటుంది.