ఈశాన్య వానలకు ముందే మిద్దె మీది క్యాప్సికంను సిద్ధం చేసుకోండి

ఎండాకాలంలో క్యాప్సికం పూత రాలిపోతుంది, కాయ నిలవదు, కానీ మొక్క ఎలాగోలా బతుకుతుంది. అక్టోబరు, నవంబరు ముసురు అలా వదలదు. వేళ్లు రెండు రోజులు నీళ్లలో నానితే ఊపిరాడక కుళ్లు మొదలవుతుంది. 2021 నవంబరు 18న తిరుపతిలో కురిసినంత వాన ఏటా రాకపోవచ్చు. తుపాను పట్టిన మూడు రోజులు చాలు, తొట్టి చెరువు కావడానికి.

అట్లని ఈ కాలాన్ని వదులుకోలేం. రాత్రి వేడి 24 డిగ్రీలు దాటితే పిందె సరిగా పట్టదు కాబట్టి తిరుపతి, చిత్తూరుల్లో దీనికి మంచి రోజులు డిసెంబరు నుంచి ఫిబ్రవరి దాకానే. 600 మీటర్లకు పైన ఉన్న పలమనేరు, కుప్పం వైపు ఇంకొంచెం వెసులుబాటు ఉంటుంది. ఆగస్టు చివర సగం విత్తనాలు, అక్టోబరు మొదట్లో మిగతా సగం పోసుకోండి. ఒక విడత వానకు పోయినా రెండోది చేతిలో ఉంటుంది. నారు 35 రోజులకు, అయిదారు ఆకులప్పుడు నాటాలి. మొదలు మట్టిలో లోతుగా పూడ్చకండి, కాండం అక్కడే కుళ్లుతుంది.

అన్నిటికన్నా ముఖ్యం మట్టి, రంధ్రాలు. 12 అంగుళాల గ్రో బ్యాగుకు అడుగున, అడుగుకు కాస్త పైన పక్కల్లో కలిపి పది రంధ్రాలైనా ఉండాలి. ఎండాకాలంలో మేలు చేసే కొబ్బరి పొట్టే వానల్లో శత్రువు, నీళ్లను పట్టి ఉంచుతుంది. అది అయిదో వంతు మించకుండా చూసి, రెండు వంతులు ఎర్రమట్టి, ఒక వంతు బాగా చివికిన ఎరువు, ఒక వంతు ముతక ఇసుక కలపండి. టమాటా, వంకాయ, మిరప వేసిన పాతమట్టి వద్దు, వాటి తెగుళ్లే దీనికీ వస్తాయి. బ్యాగును రెండు ఇటుకల మీద ఎత్తి పెట్టండి. కింద ప్లేటు ఉంటే తీసేయండి. ఒక బకెట్ నీళ్లు పోసి చూడండి: పైన నిలవకుండా వెంటనే దిగి, కింద ధారగా కారాలి.

స్వాతి కార్తెలోపు మిద్దె మీది నీటి గొట్టం మూతులు శుభ్రం చేయించండి. తడిసిన బ్యాగుల బరువు మామూలు కాదు. అన్నీ స్లాబు మధ్యలో పేర్చక, గోడలు, దూలాల వెంబడి పెట్టండి. పిట్టగోడ మీద ఒక్కటీ ఉంచకండి. క్యాప్సికం కొమ్మలు పెళుసు, కాయ బరువుకే చీలుతాయి. ప్రతి మొక్కకూ మూడడుగుల కర్ర నాటి, గుడ్డపీలికతో ఎనిమిది అంకె ఆకారంలో వదులుగా కట్టండి. పైన పాలిథిన్ కప్పు వేస్తే వాలుగా వేసి, పక్కలు తెరిచే ఉంచాలి. నాలుగువైపులా మూస్తే తేమకు బూజు పడుతుంది.

మట్టి చినుకులు ఆకుల మీదికి చిమ్మితే మచ్చతెగులు ఎక్కుతుంది. మొక్క మొదట్లో ఎండిన ఆకులో, బాగా ఎండిన చెనిక్కాయ పొట్టో రెండంగుళాల మందం పరచండి, కాండానికి మాత్రం తగలనీయకండి. బూజు పట్టిన పొట్టు వాడితే మొదలుకుళ్లును చేతులారా తెచ్చుకున్నట్టే.

చాలామంది తప్పు చేసేది వాన వెలిసాకే. ఆకులు వాలాయని మళ్లీ నీళ్లు పోస్తారు. రెండంగుళాల లోతుకు వేలు దించండి. తడి తగిలితే వాలింది దాహానికి కాదు, వేరు దెబ్బతిని. లీటరు నీటికి 3 గ్రాముల కాపర్ ఆక్సీక్లోరైడ్ (రాగి మందు) కలిపి మొక్క మొదట్లో పోయండి. వేరుకుళ్లును అడ్డుకునే మేలు శిలీంధ్రం ట్రైకోడెర్మా వాడేవాళ్లు ఆ రెండూ కలపకూడదు, రాగి దాన్ని చంపేస్తుంది. మొదలు నల్లబడి వాడిన మొక్కను మట్టితోసహా తీసేయడమే మేలు. తేరుకున్నవాటికి నాలుగు రోజులాగి నత్రజని, భాస్వరం, పొటాష్ సమానంగా ఉండే 19-19-19 ఎరువు లీటరు నీటికి 3 గ్రాములు కలిపి ఇవ్వండి, వానకు కొట్టుకుపోయిన నత్రజని కొంత తిరిగి వస్తుంది.

వాన తగ్గి ఎండ కాయగానే ముడత చూసుకోండి. ఆకు పైకి ముడుచుకుంటే తామర పురుగు, కిందికి ముడుచుకుంటే నల్లి. తామర పురుగుకు లీటరు నీటికి 5 మి.లీ. వేపనూనె, కాస్త సబ్బు కలిపి సాయంత్రం కొట్టండి. నల్లికి నీటిలో కరిగే గంధకం లీటరుకు 3 గ్రాములు. నూనె కొట్టిన రెండు వారాల్లోపు గంధకం కొడితే ఆకులు మాడతాయి.