పిల్లవాడు ఇప్పుడు ఎవరి దగ్గరున్నాడు? పదిమంది తోడున్న ఇంట్లో పసిపిల్లలను చూసుకునే పద్ధతి

మా ఇల్లు విశాఖపట్నం ఎంవీపీ కాలనీలో ఉంది. మాకు నాలుగేళ్ళ పాప, పధ్నాలుగు నెలల బాబు. అత్తయ్యగారు, మామయ్యగారు మాతోనే ఉంటారు, ఆడపడుచు రెండు వీధుల అవతల ఉంటుంది, మా అమ్మ వారానికి రెండు రోజులు గాజువాక నుంచి బస్సెక్కి వస్తుంది. నేనూ మావారూ ఉద్యోగాలకు వెళ్ళగలుగుతున్నామంటే అది వీళ్ళందరి చలవే. అయితే ఇంతమంది ఉన్నంత మాత్రాన పిల్లలను చూసుకోవడం దానంతట అది సాగిపోదని, దానికి మాటగా చెప్పుకొన్న ఒక పద్ధతి ఉండాలని నాకు ఒక భయంకరమైన పూట తెలిసివచ్చింది. ఆ పద్ధతిని మాలాంటి ఇళ్ళవారి కోసం రాస్తున్నాను.

పాపకు రెండేళ్ళప్పుడు మధురవాడలో బంధువుల గృహప్రవేశానికి వెళ్ళాం. ఇంట్లో ముప్పైమందికి తక్కువ లేరు. పాప నాన్న దగ్గరుందని నేను, అత్తయ్యగారి దగ్గరుందని మావారు, పిల్లలతో ఆడుకుంటోందని అత్తయ్యగారు, ఎవరికి వారం నిశ్చింతగా ఉన్నాం. పెరట్లో ట్యాంకరు నీళ్ళు పట్టించడానికి సంపు మూత తీశారు. వంటకు వచ్చిన ఒకావిడ గిన్నెలు కడగడానికి అటు వెళ్ళేసరికి, పాప తన చెప్పు ఒకటి సంపులో పడేసి, అది నీళ్ళమీద తేలుతుంటే అంచున కూర్చుని, వంగి చెయ్యి చాస్తోంది. ఆవిడ వెనకనుంచి గౌను పట్టుకుని లాగింది. ఒక్కరే ఉన్న ఇంట్లో తల్లి చూపు బిడ్డమీదే ఉంటుంది. ముప్పైమంది ఉన్నచోట ఆ చూపు అందరిదీ అనుకోవడంతో చివరికి ఎవరిదీ కాకుండా పోతుంది.

అందుచేత మొదట అలవాటు చేసుకోవలసింది నోటితో చెప్పి అప్పగించడం. "అత్తయ్యా, బాబు మీ దగ్గరున్నాడు, నేను స్నానానికి వెళ్తున్నాను" అని నేను అంటాను. "సరేనమ్మా, నా దగ్గరున్నాడు" అని ఆవిడ జవాబు చెప్పేదాకా నేను కదలను. ఆ జవాబు రాకపోతే అప్పగింత జరగనట్టే లెక్క. ఎదుటివారు టీవీ చూస్తూ తలాడిస్తే చాలదు. ఫోను మోగినా, కాలింగ్ బెల్లు వినిపించినా, పోపు మాడుతున్నా ముందు బిడ్డను ఒకరికి అప్పగించాలి, ఎవరూ లేకపోతే చంకనెత్తుకుని వెళ్ళాలి. మొదటి వారం రోజులు ఇది కృతకంగా అనిపిస్తుంది. మామయ్యగారు "ఇంట్లోవాళ్ళకు కూడా రసీదు కావాలా అమ్మా?" అన్నారు. సంపు దగ్గర జరిగింది గుర్తు చేశాక ఇప్పుడు ఆయనే అందరికంటే ఖచ్చితంగా పాటిస్తున్నారు. పెళ్ళిళ్ళకూ పేరంటాలకూ వెళ్ళినప్పుడు అరగంటకొకరి చొప్పున వంతులు ముందే అనుకోవాలి. నాలుగైదేళ్ళ అక్కకు తమ్ముణ్ణి "చూస్తూ ఉండు" అని అప్పగించడం మాత్రం ఏ పరిస్థితిలోనూ కూడదు, ఆ బరువు ఆ పిల్ల మోయగలిగేది కాదు.

పెద్దవాళ్ళు ఉండే ఇంట్లో ఉండే ప్రమాదాలు వేరుగా ఉంటాయి కనుక వాటిని విడిగా వెతకాలి. తలగడ కింద, మంచం పక్క స్టూలు మీద ఉండే బీపీ, షుగరు మాత్రలు అన్నిటికంటే ముందు బీరువా పైకి చేరాలి. పెద్దలు వాడే కొన్ని షుగరు మాత్రల్లో ఒక్కటి మింగినా పసిబిడ్డ రక్తంలో చక్కెర ప్రాణం మీదికి వచ్చేంతగా పడిపోవచ్చు. రిమోటులో, వినికిడి యంత్రంలో వాడే బిళ్ళల్లాంటి బ్యాటరీలు మింగితే కొద్ది గంటల్లోనే అన్నవాహికను కాల్చివేస్తాయి, కాబట్టి మింగాడన్న అనుమానం వచ్చినా సరే వెంటనే ఆసుపత్రికి తీసుకువెళ్ళాలి. నీళ్ళు రోజు విడిచి రోజు వచ్చే పేటల్లో బకెట్లూ డ్రమ్ములూ నింపి ఉంచడం మనకు మామూలే, అయితే రెండంగుళాల నీళ్ళలో కూడా పాకే బిడ్డ మునిగిపోగలడు కనుక స్నానాలగది తలుపుకు పైన గడియ బిగించుకోండి.

ఇక తిండి, స్నానం, ఆచారాలు. మనస్పర్థలు మొదలయ్యేది ఇక్కడే కాబట్టి కాస్త విస్తరించి రాస్తాను. బిడ్డకు ఆరు నెలలు నిండేవరకు తల్లిపాలు తప్ప మరేదీ, మంచినీళ్ళు కూడా, అక్కరలేదు. ఏప్రిల్, మే నెలల్లో మన విశాఖ ఉక్కపోతకు చెమటతో తడిసిపోయిన పసివాణ్ణి చూస్తే పెద్దల ప్రాణం ఒప్పక ఉగ్గుగిన్నెతో నాలుగు చుక్కలు పోస్తామంటారు. ఆ దాహానికి కూడా పాలే చాలునని, నీళ్ళతో కడుపు నిండితే పాలు తాగడం తగ్గుతుందని వాళ్ళకు నెమ్మదిగా చెప్పాలి. ఏడాది నిండేదాకా తేనె నాకించకూడదు. తేనెలో ఉండగల ఒక రకం సూక్ష్మజీవుల వల్ల పసిపిల్లల నరాలు చచ్చుబడే జబ్బు వచ్చే అవకాశం ఉంది. ఆ ఏడాదిలో ఉప్పు, పంచదార కలపకపోవడం మంచిది. వసకొమ్ము అరగదీసి నాకించడం, ముక్కులో నూనె చుక్కలు వేయడం, ముక్కులో ఊదడం, కళ్ళకు కాటుక పెట్టడం మానివేయాలి. ముక్కులో వేసిన నూనె ఊపిరితిత్తుల్లోకి దిగితే న్యుమోనియా రావచ్చు.

ఈ జాబితా చదివి కోడలు అత్తగారి ముందు నిలబడి ఒక్కొక్కటీ వద్దంటే ఇంట్లో మాటలు పెరుగుతాయి. నేను చేసిన పని ఏమిటంటే, బాబుకు టీకా వేయించడానికి వెళ్ళినప్పుడు అత్తయ్యగారినీ అమ్మనూ వెంట తీసుకువెళ్ళి, నాకున్న సందేహాలను వాళ్ళనే డాక్టరుగారిని అడగమన్నాను. ఆవిడ వాళ్ళకు విసుగులేకుండా జవాబు చెప్పారు. ఇంటికి వచ్చాక తేనెసీసాను పై అరలోకి మార్చింది అత్తయ్యగారే. అలాగే పెద్దల చేతిలో ఉన్న మంచి పనులను వాళ్ళకే వదిలిపెట్టాలి. కాళ్ళు చాపి, బిడ్డను కాళ్ళమీద బోర్లా పడుకోబెట్టి, ఒక చెయ్యి గడ్డం కింద ఆసరాగా ఉంచి, రెండో చేత్తో నీళ్ళు పోసే నేర్పు నాకు ఇప్పటికీ రాలేదు. ఆ నీళ్ళు మా అత్తయ్యగారే పోస్తారు. దిష్టి తీసేదీ ఆవిడే. సాంబ్రాణి కూడా వేస్తారు, కాకపోతే పొగ పసివాడి ఊపిరికి మంచిది కాదు కనుక బాబు వేరే గదిలో ఉన్నప్పుడు మాత్రమే వేస్తారు.

ఆరు నెలలు నిండాక మాత్రం వంటింటి అధికారం పూర్తిగా పెద్దలదే కావచ్చు. బియ్యం, పెసరపప్పు దోరగా వేయించి విసిరిన ఉగ్గు, నేతితో మెత్తగా మెదిపిన అన్నం, చోడిపిండి (రాగిపిండి) జావ కంటే మంచి తిండి నేను కొని తేలేను. చోళ్ళు నానబెట్టి, గుడ్డలో మూటగట్టి, మొలకలు వచ్చాక నీడన ఆరబెట్టి, వేయించి పట్టించిన పిండి జావ పలుచగా ఉడుకుతుంది, బిడ్డకు సులువుగా అరుగుతుంది. తినిపించేవాళ్ళు ఎందరైనా రెండు నియమాలు అందరికీ ఒకటే. బిడ్డ తల తిప్పేసుకుంటే ఆపాలి. వేరుశెనగ గుళ్ళు, సెనగలు, జీడిపప్పు వంటివి గింజలుగా అయిదేళ్ళలోపు పెట్టకూడదు, అవి గొంతుకు అడ్డుపడతాయి. ప్రసాదంలో వచ్చినా ఏరి తీయాల్సిందే.

మందుల విషయంలో జ్ఞాపకాన్ని నమ్మవద్దు. జ్వరం వచ్చిన రోజున పొద్దున్నే తల్లి ఒక మోతాదు వేసి ఆఫీసుకు వెళ్తుంది, అది తెలియక అమ్మమ్మ ఇంకో మోతాదు వేస్తుంది. పైగా పారాసిటమాల్ చుక్కల మందులో ఒక మిల్లీలీటరుకు 100 మిల్లీగ్రాములు ఉంటే, సిరప్పుల్లో అయిదు మిల్లీలీటర్లకు 120 లేదా 125, మరో రకంలో 250 ఉంటుంది. చుక్కల మందును సిరప్పులాగా చెంచాతో కొలిచి పోస్తే మోతాదు రెండింతల నుంచి నాలుగింతలవుతుంది. మా ఫ్రిజ్జు తలుపుమీద ఒక కాగితం, దారంతో కట్టిన పెన్సిలు ఉంటాయి. మందు వేసినవారు పేరు, గంట, ఎన్ని మిల్లీలీటర్లు అనేది రాస్తారు. మామయ్యగారు అద్దాలు పెట్టుకుని "ఉ. 9.40 – 4 మి.లీ. – నేను" అని రాసిన కాగితాలు మా ఇంట్లో చాలానే ఉన్నాయి. విరేచనాలు పట్టుకున్నప్పుడు ఓఆర్‌ఎస్ పెద్ద పొట్లాన్ని మొత్తం ఒకేసారి లీటరు నీళ్ళలో కలపాలి, గ్లాసుకు కొంచెం చొప్పున చల్లుకోకూడదు, మిగిలినది 24 గంటల తరువాత పారబోయాలి. బిడ్డ మూత్రం పోయడం తగ్గినా, కళ్ళు లోపలికి పోయినా, లేపినా లేవకుండా మందకొడిగా ఉన్నా ఇంటివైద్యం ఆపి బయలుదేరాలి. 108 నెంబరు పెద్దవాళ్ళందరికీ నోటికి వచ్చి ఉండాలి. టీకాల కార్డు ఫోటో తీసి అందరి ఫోన్లలోకీ పంపండి, ఎందుకంటే తొమ్మిది నెలలకు వేయించే తట్టు-రూబెల్లా టీకా, 16 నుంచి 24 నెలల మధ్య రెండో మోతాదు వేయించే రోజుకు పిల్లలు ఏ అమ్మమ్మ ఊళ్ళోనో ఉండవచ్చు.

పెద్దల ఒంట్లో ఓపిక ఎంతో చూసుకోకుండా వాళ్ళ సహాయాన్ని తీసుకోవడం నాకు అన్యాయంగా తోస్తుంది. వాళ్ళు "నాకేం ఫరవాలేదమ్మా" అనే అంటారు, కాబట్టి అడిగి తెలుసుకోవడం కాదు, చూసి తెలుసుకోవాలి. మోకాళ్ళ నొప్పులున్న మనిషి పదికిలోల బిడ్డను రోజుకు ఎన్నిసార్లు నేలమీదనుంచి ఎత్తుతున్నారో ఒక ఆదివారం లెక్కపెట్టండి. నేను లెక్కపెట్టాక బాబు ఆటవస్తువులనూ పరుపునూ ఎత్తైన దివాను మీదికి కాక, అత్తయ్యగారు కూర్చునే చాపమీదికే మార్చాను, వాడే పాకుతూ ఆవిడ ఒళ్ళోకి వెళ్తాడు. మధ్యాహ్నం ఒంటిగంట నుంచి మూడు వరకు ఆవిడ నిద్ర ఆవిడది. ఆ రెండు గంటలకూ పనిమనిషికి అదనంగా జీతం ఇచ్చి ఇంట్లో ఉండమన్నాం. ఆదివారం పూర్తిగా మాది, ఆ రోజు పెద్దవాళ్ళు సింహాచలం వెళ్తారో, తోబుట్టువుల ఇంటికి వెళ్తారో వాళ్ళ ఇష్టం. పాలు, పండ్లు, ఆటోచార్జీలకు విడిగా డబ్బు ఒక డబ్బాలో ఉంచితే, పిల్లల ఖర్చుకు పెన్షను డబ్బులు తీయవలసిన అవసరం వాళ్ళకు రాదు.

సాయంత్రం సీరియళ్ళ సంగతి. రెండేళ్ళలోపు పిల్లలకు తెర అసలే వద్దని, అయిదేళ్ళదాకా రోజుకు గంట మించవద్దని వైద్యులు చెబుతారు. అలాగని రోజంతా పిల్లలతో గడిపిన నానమ్మను సీరియల్ మానుకోమనడం భావ్యం కాదు. ఆ గంటలో మామయ్యగారు ఇద్దరినీ మేడమీదికి తీసుకువెళ్ళి ఓడరేవు వైపు దీపాలు చూపిస్తారు.

బయటికి వెళ్ళేటప్పుడు ఇంట్లోని పెద్దలకూ పిల్లలకూ ఇద్దరికీ కుదిరే చోటు ఎంచుకోవాలి. ఉదయం నడక వేళల్లో బీచ్‌రోడ్డు మీద వాహనాలను ఆపివేస్తారు కనుక పిల్లలు పరుగెత్తడానికి ఆ సమయమే మేలు. సముద్రంలోకి మాత్రం మోకాలి లోతు వరకు కూడా పంపవద్దు, మన తీరంలో లోపలికి లాగే నీటిపాయలు ఈత వచ్చినవాళ్ళనే ఈడ్చుకుపోతాయి. 1977 నుంచి ఉన్న జంతుప్రదర్శనశాల చాలా పెద్దది, సోమవారం సెలవు, నడక ఎక్కువ కనుక సగమే చూసి వచ్చేయండి. బీచ్‌రోడ్డు మీద మ్యూజియంగా ఉంచిన కురుసుర జలాంతర్గామి లోపల దారులు ఇరుకుగా, గడపలు ఎత్తుగా ఉంటాయి, చంటిబిడ్డతో అమ్మమ్మలు బయట బెంచీమీద కూర్చోవడమే నయం.

చివరగా, పెద్దలు ఊరు వెళ్ళినప్పటి మాట. అత్తయ్యగారు సంక్రాంతికి శ్రీకాకుళం వైపు సొంత ఊరు వెళ్తే పదిహేను రోజులు ఉంటారు. పిల్లలు నిద్రపోయినప్పుడు చెప్పకుండా వెళ్ళిపోవడం మంచిది కాదు, లేచాక ఇల్లంతా వెతుక్కుంటారు. రెండు రోజుల ముందునుంచే చెప్పి, సంచి సర్దేటప్పుడు పాపను పక్కన కూర్చోబెట్టుకుని, ఆమె చేత మడతలు పెట్టించి, గుమ్మం దగ్గర టాటా చెప్పించాలి. పోయిన సంక్రాంతికి వెళ్తూ అత్తయ్యగారు తాను కట్టి విడిచిన నేతచీర ఒకటి ఉతకకుండా ఉంచమన్నారు. మొదటి రాత్రి బాబు పదకొండైనా పడుకోలేదు. ఆ చీరను నాలుగు మడతలు వేసి వాడి చెంప కింద పెట్టాను, కొంగు అంచు గుప్పిట పట్టుకుని నిద్రపోయాడు.