మోడల్ రైల్వే లేఅవుట్‌లో కనబడని స్టేజింగ్ యార్డు రూపకల్పన

కాజీపేట జంక్షన్‌ను హెచ్ఓ స్కేల్‌లో, అంటే 1:87 నిష్పత్తిలో నిర్మించాలనుకుంటే, ప్లాట్‌ఫారాలు, సిగ్నళ్లు గీసుకోవడానికి ముందే సికింద్రాబాద్, బల్లార్షా, విజయవాడ వైపు వెళ్లిన బండ్లు ఎక్కడ ఆగుతాయో నిర్ణయించుకోవాలి. స్టేషన్ దాటిన బండి చూపరి కంటికి మరుగై, మళ్లీ తన వేళకు వచ్చేదాకా నిలిచి ఉండే చోటే స్టేజింగ్ యార్డు. చాలామంది దీన్ని చివరికి మిగిలిన స్థలంలో ఇరికిస్తారు. నా అభిప్రాయంలో కాగితం మీద మొదట గీయవలసింది ఇదే.

ముందు అత్యంత పొడవైన బండిని కొలవండి. ఎల్‌హెచ్‌బీ కోచ్ అసలు పొడవు సుమారు 24 మీటర్లు కనుక నమూనాలో 27.6 సెంటీమీటర్లు అవుతుంది. వాప్-7 ఇంజిన్ సుమారు 24 సెంటీమీటర్లు ఉంటుంది. ఎనిమిది కోచ్‌ల బండికి 245, ఆగేటప్పుడు అటూ ఇటూ కావలసిన వెసులుబాటుకు మరో 30 కలిపితే ఒక్కో లైనుకు 275 సెంటీమీటర్ల ఖాళీ పట్టా అవసరం. నాలుగు లైన్లను విడదీసే ఆరో నంబరు పాయింట్ల (ఆరు పాళ్ల పొడవుకు ఒక పాలు చొప్పున పక్కకు చీలే పట్టాల) వరుస ఒక్కో కొసన సుమారు 90 సెంటీమీటర్లు తింటుంది. 12 అడుగుల గోడ 366 సెంటీమీటర్లే కాబట్టి, ఒకే కొసన పాయింట్లున్న డెడ్-ఎండ్ యార్డు అందులో అతికష్టం మీద పడుతుంది, రెండు కొసలూ తెరిచిన యార్డు పట్టదు. అయినా బండిని వెనక్కి నెట్టే పని లేని రెండో రకమే మేలు. దాని పాయింట్ల వరుసను మూల తిప్పి పక్క గోడ మీదికి తీసుకెళ్లండి.

స్టేషన్ కింద యార్డు పెడితే, పడిపోయిన కోచ్‌ను చేయి పెట్టి ఎత్తడానికి కనీసం 20 సెంటీమీటర్ల ఎడం ఉండాలి. నూటికి రెండు వాలుతో అంత దిగడానికి 10 మీటర్ల పట్టా కావాలి. అందువల్ల మొదటి లేఅవుట్‌కు అదే ఎత్తులో, తీసిపెట్టగలిగే భవనాలు లేదా పొట్టి బ్యాక్‌డ్రాప్ (దృశ్యం గీసిన వెనుక తెర) వెనుక యార్డు ఉంచడమే మంచిది. ఎక్కడున్నా ప్రతి పాయింటూ ముందువైపు నుంచి 60 సెంటీమీటర్ల లోపు చేతికి అందాలి. తిన్నని లైన్ల మధ్య 5 సెంటీమీటర్లు సరిపోతాయి గానీ, వంపుల్లో పొడవైన కోచ్‌ల మూలలు బయటికి, నడుములు లోపలికి చొచ్చుకు వస్తాయి గనుక ఇంకా ఎక్కువ కావాలి.

విద్యుత్ ఇంజిన్ల విషయంలో మరొక జాగ్రత్త అవసరం. తీగ లేని చోట పైకెత్తిన పాంటోగ్రాఫ్ (పై తీగను తాకే ఇంజిన్ మీది చట్రం) తన స్ప్రింగు బలానికి ఇంకా పైకి లేచి, బయటికి వచ్చేటప్పుడు సొరంగ ద్వారం అంచుకు తగిలి విరుగుతుంది. లోపలా తీగ వేయండి, లేదా పాంటోగ్రాఫ్ దించి ఉంచండి.

బండి పూర్తిగా లోపలికి చేరిందో లేదో కన్ను చెప్పలేదు కాబట్టి, ప్రతి లైను రెండు కొసలా ఇన్‌ఫ్రారెడ్ సెన్సర్లు అమర్చండి. కరెంటును బట్టి పసిగట్టే పరికరం వాడితే, కరెంటు తీసుకునేది ఇంజిన్ కనుక అది ఇంజిన్‌నే గుర్తిస్తుంది. చివరి కోచ్ ఇరుసుకు 10 కిలో ఓమ్‌ల రెసిస్టర్ అతికిస్తే బండి తోక కూడా తెలుస్తుంది.

బ్యాక్‌డ్రాప్ బిగించే ముందు, ఆ పొడవైన బండినే ప్రతి లైనులోకి ముందుకు నడిపించి, వెనక్కి నెట్టి చూడండి. ఒకే పట్టా అతుకు దగ్గర రెండోసారి చక్రం తప్పితే, ఆ ముక్క ఊడదీసి మళ్లీ పరచండి.