సైలెన్సర్ తుప్పు: సిరామిక్ కోటింగ్ ఎక్కడ పనికొస్తుంది, ఎక్కడ ఊడిపోతుంది

విశాఖ, కాకినాడ లాంటి సముద్రపు ఊళ్లలో బండి బెండ్ పైపు (ఇంజిన్ నుంచి సైలెన్సర్‌కు పొగ తెచ్చే వంపు పైపు) తొందరగా ఎర్రబడుతుంది. ఎవరిని అడిగినా సిరామిక్ కోటింగ్, అంటే వేడిని తట్టుకునే పలుచటి పూత, వేయించమంటారు. మంచిదే. కాకపోతే తుప్పు బయటి నుంచి వస్తోందా, లోపలి నుంచి వస్తోందా అన్నది ముందు తేల్చుకోవాలి. కోటింగ్ కాపాడేది అది అంటుకున్న వైపునే.

పైన ఎర్రటి పొడి, రుద్దితే చేతికి అంటుతోంది

స్క్రూడ్రైవర్ పిడితో పైపు పొడవునా తట్టండి. ఖంగుమని మోగితే లోహం గట్టిగానే ఉన్నట్టు. మామూలు ఉక్కు పైపుల మీది నల్ల పెయింటు వేడికి, ముందు చక్రం విసిరే రాళ్లకు లేచిపోతుంది. ఆ చోట ఉప్పు గాలి, బురద పట్టి తుప్పు మొదలవుతుంది. సిరామిక్ కోటింగ్ అసలు పనికొచ్చేది ఇలాంటి పైపుకే.

పైపు విప్పి, జిడ్డంతా తీసి, శాండ్ బ్లాస్టింగ్‌తో (గాలి ఒత్తిడితో ఇసుక కొట్టి) లోహం బూడిద రంగులో గరుకుగా కనిపించేదాకా శుభ్రం చేయించాలి. తర్వాత పలుచగా కోటింగ్ కొట్టి ఓవెన్‌లో కాలుస్తారు. గ్యాస్కెట్ కూర్చునే అంచులకు, సెన్సర్ మరలకు కోటింగ్ అంటకుండా టేపు వేయమనండి. బీఎస్6 (కాలుష్య ప్రమాణం) బళ్లలో పొగలోని విషవాయువులను తగ్గించే కేటలిటిక్ కన్వర్టర్ సైలెన్సర్‌లోనో దానికి ముందు పైపులోనో ఉంటుంది. బ్లాస్టింగ్ ఇసుక అందులోకి పోతే సన్నటి దారులు పూడుకుపోతాయి. రెండు వైపులా మూత బిగించకుండా పని మొదలుపెట్టే షాపులో పైపు ఇవ్వకండి.

వేయించిన కొన్నాళ్లకే పొరలు పొరలుగా లేస్తోంది

ఎక్కువగా వినే ఫిర్యాదు ఇదే. ఊడిన పెచ్చును తిప్పి చూస్తే కారణం చాలావరకు అక్కడే దొరుకుతుంది.

వెనక వైపు ఎర్రగా ఉంటే తుప్పు మీదే కోటింగ్ కొట్టారన్నమాట. నున్నగా మెరుస్తుంటే క్రోమ్ ప్లేటింగ్‌ను గరుకు చేయకుండా వేసి ఉంటారు. కింద రంగు పొర ఉంటే మామూలు ప్రైమర్ వాడారని అర్థం. ఇంజిన్ దగ్గర పైపు వేడి 500 డిగ్రీల సెల్సియస్ దాటగలదు, ఆ వేడికి మామూలు ప్రైమర్ గానీ పుట్టీ గానీ నిలవవు. పౌడర్ కోటింగ్ కూడా అంతే. అది ఓవెన్‌లో 200 డిగ్రీల దరిదాపుల్లో గట్టిపడే ప్లాస్టిక్ పొడి. కారు బాడీ మెరుపు కోసం తుడిచే ద్రవాన్నీ సిరామిక్ కోటింగ్ అనే అమ్ముతారు. దానికీ ఈ పనికీ సంబంధం లేదు.

పెచ్చులు కాకుండా బుడగలు వచ్చాయంటే, మందంగా కొట్టడమో, ఆరకముందే వేడి చేయడమో జరిగి ఉంటుంది. ఇంట్లో స్ప్రే డబ్బాతో వేసుకునేవాళ్లకు ఇది మామూలే. పలుచగా రెండు మూడు కోట్లు వేసి, డబ్బా మీద చెప్పినంత సేపు ఆరనిచ్చి, ఇంజిన్‌ను కాసేపు నడిపి చల్లార్చుతూ వేడిని మెల్లగా పెంచాలి. మొదట్లో కాస్త పొగ, వాసన వస్తాయి, టెన్షన్ అక్కర్లేదు. గట్టిపడేలోపు పెట్రోలు చుక్క పడితే మాత్రం అక్కడ కరిగిపోతుంది.

ఏ కారణమైనా, ఊడిన చోట మాత్రమే పూత పూస్తే నిలవదు. మొత్తం గీకించి మొదటి నుంచి చేయాల్సిందే.

కోటింగ్ బాగానే ఉంది, సైలెన్సర్ కింద చిల్లు పడింది

ఇది లోపలి తుప్పు. లీటరు పెట్రోలు కాలితే దాదాపు లీటరు నీళ్లు ఆవిరిగా పుడతాయి. సందు చివరి కొట్టుదాకా వెళ్లొచ్చి ఆపేస్తే సైలెన్సర్ వేడెక్కదు, ఆ ఆవిరి లోపలే నీరై అడుగున నిలుస్తుంది. పొగలోని వాయువులు కలిసి ఆ నీరు కాస్త ఆమ్లంగానూ ఉంటుంది. బయట ఎంత ఖరీదైన కోటింగ్ ఉన్నా దీన్ని ఆపలేదు.

చాలా సైలెన్సర్లకు అడుగున చిన్న నీటి రంధ్రం ఉంటుంది. అది మట్టితోనో కోటింగ్‌తోనో మూసుకుపోయిందేమో చూసి సన్నటి తీగతో తెరవండి. అప్పుడప్పుడు బండిని అరగంటైనా ఆపకుండా నడపండి. వాటర్ సర్వీసింగ్ చేయించేటప్పుడు సైలెన్సర్ నోట్లో గుడ్డ పెట్టించి, కడిగాక తీసేయండి. వేడి పైపు మీద నీళ్లు కొట్టనివ్వకండి. కడిగాక కొట్టే డీజిల్ స్ప్రే పైపుకు వద్దు, అది మాడి మచ్చలవుతుంది. పైపుకు చుట్టే వేడి పట్టీ కూడా తడిని పట్టి ఉంచి తుప్పునే పెంచుతుంది.

పైపు నీలంగా, బంగారు రంగుగా మారింది

స్టెయిన్‌లెస్ స్టీల్ అయితే అది వేడి రంగు, తుప్పు కాదు. పాలిష్ చేస్తే పోతుంది, వదిలేసినా నష్టం లేదు. చౌక రకం స్టెయిన్‌లెస్ పైన గోధుమ రంగు పడుతుంది గానీ అంత తేలిగ్గా చిల్లు పడదు. వీటికి తుప్పు భయంతో కోటింగ్ వేయించడం నా లెక్కలో దండగ.

తట్టినప్పుడు మొద్దుగా మోగుతోంది, లోపల గలగలమంటోంది

లోపలి రేకులను తుప్పు తినేసింది. బ్లాస్టింగ్ చేస్తే మిగిలిన లోహానికీ చిల్లులు పడతాయి. కోటింగ్ డబ్బులతో కొత్త సైలెన్సర్ కొనుక్కోండి. అది ఉక్కుదైతే, తుప్పు పట్టకముందే కోటింగ్ వేయించవచ్చు. వారంటీ పోతుందేమో మాత్రం ముందుగా షోరూమ్‌లో అడగండి.