పెరట్లో పెకాన్ చెట్టు ఒక ఏడు విరగ్గాసి మరుసటి ఏడు ఎందుకు మొండికేస్తుంది?

ముందటేడు మా పెకాన్ కాయలు (అక్రోటు లాంటి పప్పు ఉండే అమెరికా కాయలు) బకెట్లకెత్తాం, ఇండియా వెళ్లేవాళ్ల సూట్‌కేసుల్లో కూడా కుక్కి పంపాం. నిరుడు అదే చెట్టు కింద గడ్డంతా దువ్వినా దోసెడు దొరకలేదు. దొరికినవి కూడా ఉడతలు వద్దని వదిలేసినవే. డాలస్ చుట్టుపక్కల పాత ఇల్లు, దాంతోపాటు పెద్ద పెకాన్ చెట్టు కొనుక్కున్న మనవాళ్లు చాలామంది ఇక్కడే కంగారుపడి ఎరువు బస్తా తెస్తారు. నేనూ తెచ్చాను. అప్పుడు మా ఇంట్లో ఉన్న అమ్మ చెట్టుకేసి ఒకసారి చూసి, "మన మామిడి చెట్టూ అంతే కదరా, పోయినేడు అంత కాసింది, ఒళ్లు అలిసిపోయింది" అంది.

అమ్మ చెప్పిందే అసలు కారణం. పెకాన్ పప్పులో దాదాపు 70 శాతం నూనే. అంత నూనె తయారు చేయాలంటే చెట్టు తన దగ్గరున్నదంతా ఊడ్చి పెట్టాలి, అదీ ఆగస్టు, సెప్టెంబర్లలో. మరుసటి వసంతంలో ఆడపూత రావడానికి కొమ్మల్లో, వేళ్లలో తిండి దాచుకోవాల్సిన సమయం కూడా సరిగ్గా అప్పుడే మొదలవుతుంది. కాయలు విపరీతంగా ఉంటే దాచుకోవడానికి ఏమీ మిగలదు. అందుకే ఈ ఏడు కాపు లేదంటే తప్పు ఈ ఏటి ఎండలదో వానలదో అనుకునే ముందు నిరుటి శరత్కాలంలో ఏం జరిగిందో గుర్తు తెచ్చుకోండి.

ముందు కాపు ఏ దశలో పోయిందో కనిపెట్టాలి. ఏప్రిల్‌లో పచ్చటి తోకల్లా వేలాడేవి మగపూలు, వాటిని చూసి కాపు లెక్కెయ్యకండి, అవి ఎన్నున్నా కాయలుగా మారవు. ఏప్రిల్ చివర్లో చేతికందే కొమ్మ ఒకటి వంచి, కొత్త చిగురు కొస చూడండి. గింజంత ఆకుపచ్చ బుడిపెలు మూడో నాలుగో గుత్తిగా ఉంటే అవి ఆడపూలు. నాలుగైదు కొమ్మలు చూసినా ఒక్కటీ కనబడకపోతే ఆ ఏడు కాపు మీద ఆశ వదులుకోవచ్చు, ఇక ఏ మందూ ఏ ఎరువూ దాన్ని తేలేదు.

పిందెలు పడి మే, జూన్‌లలో రాలిపోయాయంటే సంగతి వేరు. కొంత రాలడం మామూలే, పుప్పొడి సరిగా అందనివి అప్పుడే పడిపోతాయి. పెకాన్‌లో మగపూలూ ఆడపూలూ ఒకే చెట్టు మీద ఉన్నా ఒకేసారి సిద్ధం కావు. పానీ, డిజైరబుల్ రకాలు పుప్పొడి ముందు విడుస్తాయి, విచిటా, చాక్టా రకాల్లో ఆడపూలు ముందు సిద్ధమవుతాయి. అలాగని రెండో చెట్టు కోసం నర్సరీకి పరిగెత్తకండి, టెక్సస్ ఊళ్లలో ప్రతి వాగు పక్కనా నాటు పెకాన్లు ఉంటాయి, పుప్పొడి గాలికే వస్తుంది. రాలిన పిందెని ఏరి తొడిమ దగ్గర చూడండి. అక్కడ చిన్న బెజ్జం, దాని చుట్టూ నల్లటి పొడి, సన్నటి దారాలు కనిపిస్తే అది కేస్‌బేరర్ పురుగు పని. మేలో దాని గుడ్లు పగిలే రెండు మూడు రోజుల్లో స్పినోసాడ్ లాంటి మందు కొడితే ఆగుతుంది. కానీ నిజం చెప్పాలంటే నా చేతి పంపు పదిహేను అడుగులు దాటి కొట్టదు, చెట్టేమో యాభై అడుగులుంది. కాపు బరువుగా ఉన్న ఏడు ఈ పురుగు కొన్ని పిందెలు తింటే నేను పట్టించుకోను, చెట్టుకు బరువు తగ్గిందనుకుంటాను.

కాయలు బోలెడు ఉండి, పగలగొడితే లోపల తాలు ఉంటే అది నీళ్ల కరువు. జూలై దాకా నీళ్లు చాలకపోతే కాయ చిన్నదవుతుంది, ఆగస్టు తర్వాత చాలకపోతే పప్పు నిండదు, పై తొక్క కూడా విచ్చుకోదు. గడ్డికి పెట్టే స్ప్రింక్లర్ నీళ్లు దీనికి ఏ మూలకీ చాలవు. కొమ్మలు నలభై అడుగుల మేర విస్తరించిన చెట్టుకు వారానికి ఒక్క అంగుళం తడి ఇవ్వాలన్నా సుమారు 780 గ్యాలన్లు కావాలి, మండే ఎండల్లో పెద్ద చెట్టుకు రెండంగుళాలు కూడా పట్టొచ్చు. మీ సిటీ నీళ్ల రూల్స్ చూసుకుని, సోకర్ హోస్‌ను (ఒళ్లంతా నీళ్లు ఊరే గొట్టం) చెట్టు మొదలు దగ్గర కాకుండా కొమ్మల అంచు కింద చుట్టూ పరిచి నెమ్మదిగా వదలండి. మర్నాడు పొడుగాటి స్క్రూడ్రైవర్ నేలలోకి గుచ్చండి, అది ఎంతవరకు సులువుగా దిగితే తడి అంతవరకే వెళ్లింది.

తొక్క మీద నల్ల మచ్చలు పెరిగి కాయ రాలితే అది స్కాబ్ తెగులు, వానలెక్కువైన ఏడు వస్తుంది. పెద్ద చెట్టుకు ఇంట్లోవాళ్లం మందు కొట్టలేం, రాలిన తొక్కలూ ఆకులూ ఊడ్చి పారేయడమే.

ఇక జింక్. వరికి జింక్ లోపం వస్తే ఏం చేయాలో మన ఊళ్లో రైతులకు తెలుసు, పెకాన్‌కీ అదే జబ్బు. ఆకులు చిన్నవై కొమ్మ చివర గుబురుగా ముడుచుకుంటే అనుమానించండి. ఇక్కడి సున్నపు నేలలో జింక్ వేసినా మట్టే పట్టేసుకుంటుంది, కాబట్టి ఆకుల మీదే కొట్టాలి. గ్యాలన్ నీళ్లకు రెండు టీస్పూన్ల జింక్ సల్ఫేట్ కలిపి, చిగురు వేసినప్పటి నుంచి రెండు వారాలకోసారి, జూన్ దాకా. పక్కన పీచ్ చెట్లుంటే వాటి మీద పడనివ్వకండి, ఆకు మాడిపోతుంది.

ఎరువు ఎప్పుడంటారా? నిరుటి కొత్త కొమ్మ జానెడు కూడా పెరగకపోతేనే. ఆకు మాత్రం నవంబర్ దాకా చెట్టు మీద ఉండాలి. పేనుబంక వల్లో, నీళ్లు లేకో సెప్టెంబర్‌లోనే రాలిపోతే వచ్చే ఏటి పూత అప్పుడే పోయినట్టు. నేను గోడ క్యాలెండర్ మీద ఆకు రాలిన తేదీ రాసిపెడుతున్నా.

ఈ ఏడు మళ్లీ గుత్తికి నాలుగేసి కాయలున్నాయి. అందరూ కాపు లేని ఏడు చెట్టు చుట్టూ తిరుగుతారు గానీ, అసలు చూసుకోవాల్సింది ఇప్పుడు. జూలై నెలాఖరులో ఒక కాయను అడ్డంగా కోసి చూస్తాను. లోపల సగం దాకా నీళ్లలా ఉంటే అదే అదను, అందే కొమ్మల్లో గుత్తికి ఒకటో రెండో కర్రతో రాల్చేస్తాను. పెద్ద తోటల్లో ఇదే పనికి చెట్టు మొదలు పట్టి ఊపే యంత్రాలుంటాయి. మా ఆవిడకి మాత్రం పచ్చికాయ రాల్చడం అస్సలు ఇష్టం లేదు, ఆ రోజు ఆవిడ ఇంట్లో లేనప్పుడు చూసుకోవాలి.