కాలువలు కట్టేసినప్పుడే కంప్యూటర్ల పనీ

డెల్టాలో కాలువల పూడిక తీసేది ఎండాకాలంలో, నీళ్లు కట్టేశాకే. మా యూనివర్సిటీలో విండోస్ 10 తీసి 11 వేసే పనికీ అదే లెక్క. పరీక్షలు అయిపోయి అడ్మిషన్లు మొదలయ్యేలోపు దొరికే నాలుగు వారాలే మనవి.

విండోస్ 10కి సపోర్ట్ 2025 అక్టోబర్ 14తో అయిపోయింది. మర్నాడు కూడా సిస్టమ్ మామూలుగానే ఆన్ అయింది కాబట్టి ఎవరికీ టెన్షన్ లేదు. ఆగిపోయింది సెక్యూరిటీ అప్‌డేట్లు. విద్యాసంస్థలు డబ్బు కట్టి మూడేళ్లు పొడిగించుకోవచ్చు: సిస్టమ్‌కి మొదటి ఏడాది ఒక డాలర్, తర్వాత రెండు, ఆపైన నాలుగు. చవకే, కానీ గండికి ఇసుక బస్తాలు వేసినట్టే.

స్టాక్ రిజిస్టర్‌ని నమ్మకుండా గదిగదికీ వెళ్లి చూడండి. ఇంటెల్ ఎనిమిదో తరం కంటే పాత సిస్టమ్‌లకు దాదాపుగా విండోస్ 11 సపోర్ట్ లేదు. విండోస్ 11 అడిగే సెక్యూరిటీ చిప్, టీపీఎం 2.0, లేదని వస్తే వెంటనే కొత్తదానికి ఇండెంట్ పెట్టకండి. చాలాసార్లు అది బయోస్‌లో (విండోస్ కంటే ముందు నడిచే సెట్టింగుల ప్రోగ్రామ్) ఆఫ్‌లో ఉంటుంది, అంతే. బయోస్ ముట్టుకునే ముందు డిస్క్‌కి తాళం వేసే బిట్‌లాకర్ రికవరీ కీ కాగితం మీద రాసుకోండి. మేలో గాలివాన వస్తే కరెంటు పోతుంది, యూపీఎస్ లేకుండా బయోస్ అప్‌డేట్ జోలికి పోవద్దు.

అసలు తలనొప్పి ల్యాబ్ పరికరాలతో. మా కెమిస్ట్రీ ల్యాబ్‌లో స్పెక్ట్రోఫోటోమీటర్ (ద్రావణం కాంతిని ఎంత పీల్చుకుందో కొలిచేది) పక్కన ఇంకా విండోస్ 7 సిస్టమే, మానిటర్ అంచున పెన్నుతో రాసిన ‘ముట్టుకోవద్దు’ చీటీతో సహా. దాని సాఫ్ట్‌వేర్ కొత్త విండోస్‌లో పనిచేయదు. అలాంటివి నెట్‌వర్క్‌లో ఉండకుండా లాన్ కేబుల్ పీకేయండి. రీడింగులకు ఒక పెన్‌డ్రైవ్ విడిగా పెట్టి, ప్రతిసారీ వేరే సిస్టమ్‌లో స్కాన్ చేయండి. హార్డ్‌డిస్క్ మొత్తం ఇమేజ్ (ఉన్నదున్నట్టు నకలు) తీసి రెండుచోట్ల దాచండి. వరద నీళ్లు తగలకుండా ఒకటైనా మేడ మీద ఉండాలి.

బ్యాకప్ తీశాక ఒక ఫైలైనా తెరిచి చూడండి. ఒకసారి మేం తెలుగు టైపింగ్‌కి వాడిన పాత డీటీపీ ఫాంట్లు దాచడం మరిచిపోయాం. తెలుగు ప్రశ్నపత్రాలన్నీ పిచ్చి గీతల్లా తెరుచుకున్నాయి. ఆ ఫాంట్ల కోసం రెండు రోజులు తిరిగాం.

విండోస్ సర్వర్ 2016 ఇంకా నడుపుతుంటే దాని సపోర్ట్‌కి గడువు 2027 జనవరి 12. అంటే భోగి ముంగిట. ఆ వారం మన జిల్లాల్లో ఫోన్ ఎత్తే మనిషి దొరకడు, కాబట్టి దాన్నీ ఈ వేసవి లెక్కలోనే వేసుకోండి.